ఆటకు కావాల్సింది నిత్యాన్నదానం

మా జట్టు లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. అట్ట చిరిగిన రెండు వందల పేజీల పెద్ద నోట్‌బుక్. పగలంతా ఒక ఆడిటర్ గారి ఆఫీసులో వ్యాపారుల లెక్కలు చూస్తాను. సాయంత్రం ఆరున్నరకు నెల్లూరు వేదాయపాళెం అవతల ఒక లేఅవుట్‌లోని ఖాళీ జాగాకు వెళ్లి, పిట్టగోడ మీద కూర్చుని ఈ లెక్క రాస్తాను. ఆ జాగాలో 22 మంది ఆడపిల్లలు కబడ్డీ ఆడతారు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాకా చదివే పిల్లలు. రిటైరైన డ్రిల్ మాస్టారు ఒకాయన నేర్పిస్తారు. ముప్పై ఏళ్ల కిందట నాకు కూత నేర్పింది కూడా ఆయనే.

గడిచిన జులై పేజీ ఇక్కడ ఎత్తి రాస్తాను. మా నెల్లూరుకు గట్టి వానలు అక్టోబరు తర్వాతే కదా, జులైలో కూడా నేల పెచ్చులు లేస్తుంది. మట్టి జల్లెడ పట్టి, తడిపి, చదును చేయకపోతే పిల్లల మోకాళ్లు చెక్కుకుపోతాయి. వారానికో నీళ్ల ట్యాంకర్, ఒక్కోటి 600, నెలకు 2,400. రెండు ఎల్ఈడీ లైట్లకు పక్కింటి వాళ్ల మీటర్ నుంచి కరెంటు తీసుకుంటాం, దానికి 700. ఆట అయ్యాక పిల్లకో ఉడకబెట్టిన గుడ్డు, గుప్పెడు శనగ గుగ్గిళ్లు. గుగ్గిళ్లు ఒక పిల్ల వాళ్లమ్మ ఇంటి దగ్గరే చేసి పంపుతుంది, డబ్బులు తీసుకోదు. గుడ్డు 7 రూపాయల లెక్కన 26 రోజులకు 4,004. క్రేప్ బ్యాండేజీలు, టేపు, నొప్పి స్ప్రే, దూది కలిపి 900. మాస్టారికి 6,000. ఆటోలకు 5,000. మొత్తం 19,004 రూపాయలు.

22తో భాగిస్తే ఒక్కో పిల్లకు నెలకు 864 రూపాయలు పడింది. బైపాస్ పక్కన కృత్రిమ గడ్డి పరిచిన బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లో రాత్రి పూట ఒక్క గంట అద్దె, మా వాళ్లు చెప్పే లెక్కన, వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది. అంటే ఒక ఆడపిల్ల నెలంతా ఆడే ఆట, పెద్దవాళ్లు ఒక గంట ఆడుకునే ఆట కంటే చవక. ఆ చవక ఖర్చుకే మాకు ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు నుంచి టెన్షన్ మొదలవుతుంది. ఇంత చిన్న మొత్తం ఇంత పెద్ద ఊళ్లో ఎందుకు దొరకదు? 2011 జనాభా లెక్కల్లోనే 5 లక్షలు దాటిన ఊరు ఇది. డబ్బు లేని ఊరేమీ కాదు. నాలుగేళ్లుగా ఈ పుస్తకం రాస్తూ నాకు అర్థమైంది ఒకటే: ఆటకు డబ్బు ఇచ్చేవాళ్లున్నారు, కానీ వాళ్లిచ్చేది పండగ రోజు విందుకి. మాకు కావాల్సింది రోజూ అన్నం.

ఆటోల సంగతి ముందు చెప్పాలి. ఎవరికి లెక్క చూపించినా మొదట ఆ వరుస మీదే వేలు పెడతారు. ఆటలకు ఆటోలెందుకని. మేం మొదలుపెట్టిన ఏడాది ఆటోలు లేవు. రెండు నెలల్లో ఎనిమిది మంది పిల్లలు రావడం మానేశారు. ఆట మీద ఇష్టం పోయి కాదు. ఏడుంబావుకు ఆట అయ్యేసరికి చీకటి పడుతుంది, చెముడుగుంట వైపు వెళ్లే పిల్లలు రోడ్డు మలుపులో కాసేపు నిలబడాలి, అక్కడ బైకుల మీద కుర్రాళ్లు ఉంటారు. ఒక తల్లి నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "మీరు చానా మంచి పని చేస్తన్నారు మేడం, కాదనను. మా పిల్ల మాత్రం ఇంటికి దీపాలు పెట్టే యాళకి ఇంట్లో ఉండాల." ఆమెది తప్పని నేనెలా అంటాను? రెండు ఆటోలు మాట్లాడాం. కొత్తూరు వైపు ఒకటి, చెముడుగుంట వైపు ఒకటి. ఎనిమిది మందిలో అయిదుగురు తిరిగొచ్చారు. అందుకే మా దృష్టిలో బంతి, నెట్టు, జెర్సీ ఎలాంటి క్రీడా సామగ్రో, ఆటో కూడా అలాంటిదే.

రెండేళ్ల కిందట సంక్రాంతికి మా ప్రాంతంలో ఒక పెద్దమనిషి వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థం కబడ్డీ టోర్నమెంట్ పెట్టారు. షామియానా, మైకు, ఫ్లెక్సీలు, మూడు రోజుల భోజనాలు, నడుమెత్తు కప్పులు. రెండు లక్షలు దాటిందని ఆయనే చెప్పారు. నిజంగా బాగా చేశారు. అంతమంది జనం ముందు మా పిల్లలు ఆడటం అదే మొదలు. పండగ అయ్యాక మాస్టారూ నేనూ వాళ్లింటికి వెళ్లాం. కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, శ్రద్ధగా విన్నారు. నెలకు అయిదు వేలు, ఆటోలకు, ఒక్క ఏడాది ఇవ్వగలరా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, మొహమాటపడుతూనే అన్నారు. "ఏందమ్మా, కప్పు మీదైతే మా నాయన పేరుంటాది. ఆటో మీద ఏముంటాది?"

ఆ మాట విన్నప్పుడు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయన నిజాయితీగా చెప్పాడనిపించింది. తండ్రి పేరు నిలబెట్టాలన్న కోరిక మంచిదే. ఆ కోరిక నిలబడేలా మనం ఆయనకు చూపించిన చోటు కప్పు ఒక్కటే. ఆటో మీద, గుడ్డు మీద, తడిపిన మట్టి మీద పేరు రాసే పద్ధతి మనం కనిపెట్టలేదు. తప్పు ఇచ్చేవాళ్లది ఎంతో, అడగడం రాని మాదీ అంతే.

ఒంగోలు వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మొదటి బహుమతి ఫలానా వారిది, రెండోది ఫలానా వారిదని మైకులో పేర్లు మారుమోగుతాయి. గిత్తలు బండను లాగేది నిమిషాల లెక్క. ఆ గిత్తల్ని ఏడాది పొడుగునా ఉలవలు ఉడకబెట్టి మేపే రైతు ఖర్చు ఏ మైకులోనూ వినపడదు. గెలిచిన బహుమతితో మేత ఖర్చు తీరిందని చెప్పిన రైతును నేనింతవరకు చూడలేదు. అక్కడ రైతుకు ప్రాణం ఆ గిత్తలు, అప్పో సప్పో చేసి మేపుతాడు. మా పిల్లల్ని మేపే తల్లిదండ్రులు కూలికి వెళ్లేవాళ్లు, టైలర్లు, హోటల్లో పనిచేసేవాళ్లు. వాళ్లని అప్పో సప్పో చేయమని అడిగే హక్కు మాకు లేదు.

పెద్ద డబ్బు కూడా ఇదే దారిలో నడుస్తోంది. మన రాష్ట్రం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు, రజతానికి 5 కోట్లు, కాంస్యానికి 3 కోట్లు ప్రోత్సాహకం ప్రకటించారు. ఇవ్వాల్సిందే, ఆ స్థాయికి చేరిన మనిషి కష్టానికి ఎంతిచ్చినా తక్కువే. అయితే నా చేతికి అలవాటైన లెక్క ఒకటుంది. నెలకు 20 వేల జీతంతో ఒక కోచ్‌ను పెడితే ఏడాదికి 2 లక్షల 40 వేలు. 7 కోట్లతో 290 మంది కోచ్‌లు ఏడాది పాటు పనిచేస్తారు. ఒక్కో కోచ్ దగ్గర ఇరవై మంది అనుకున్నా దాదాపు 5,800 మంది పిల్లలు. కేంద్రం తన ఖేలో ఇండియా పథకంలో ఎంపికైన క్రీడాకారుడికి నెలకు 10 వేలు చేతి ఖర్చులకు ఇస్తుంది. అది ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించిన డబ్బు. కానీ అది ఎంపికైన తర్వాత వచ్చేది. ఎంపిక దాకా వచ్చే ఆరేడేళ్లు ఎవరు భరించాలి? అక్కడే పిల్లలు రాలిపోతున్నారు.

2023 డిసెంబరు 26న మొదలై 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిసిన రాష్ట్ర ప్రభుత్వ 'ఆడుదాం ఆంధ్ర' పోటీల్లో మా పిల్లలు వార్డు సచివాలయం స్థాయిలో ఆడారు. ఆ పోటీల మీద రాజకీయంగా చాలా మాటలు నడిచాయి, వాటి జోలికి నేను పోను. నాకు గుర్తున్నది వేరు. ఆ యాభై రోజుల్లో అంతకు ముందు ఎన్నడూ ఆట ఊసెత్తని ఆడపిల్లలు ఏడుగురు మా దగ్గరికి వచ్చి "మేమూ నేర్చుకుంటాం అక్కా" అన్నారు. అంత కోరిక పుట్టించగలిగింది ఆ సందడి. మార్చి నెలాఖరుకు ఏడుగురిలో ఇద్దరే మిగిలారు. వాళ్లను నిలబెట్టుకోవడానికి మూడో ఆటో కావాలి, మా దగ్గర డబ్బు లేదు. ఆ నెల పేజీ తిరగేసినప్పుడల్లా ఆ అయిదు మొహాలు కళ్ల ముందుకొస్తాయి.

ఇంకోటి కూడా దగ్గర్నుంచి చూపించాలి. మావాళ్లు సాధన చేసేది మట్టి మీద. పోటీలు జరిగేది మ్యాట్ మీద. మహిళల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, అంతా కలిపి 115 గజాలు. అంత మేర మ్యాట్ పరచాలంటే లక్షల్లో మాట. మట్టి మీద ఉత్త కాళ్లతో ఆడొచ్చు, మ్యాట్ మీద బూట్లు లేకపోతే పాదం నిలవదు. పోయినేడు ఒక టోర్నమెంటుకు వెళితే మా ఏడుగురికీ కలిపి నాలుగు జతలున్నాయి. ముందు మ్యాచ్ ఓడిపోయిన జట్టు పిల్లల్ని బతిమాలి మూడు జతలు తెచ్చారు. మా రైడర్ పిల్లది నాలుగో నంబరు పాదం. దొరికింది ఆరో నంబరు. కోర్టు పక్కన నేల మీద కూర్చుని, న్యూస్‌పేపరు చింపి, ఉండలు చుట్టి బూటు ముక్కులో కుక్కుకుంది. సాక్సు వేసుకుని, బూటు చుట్టూ లేసు రెండు చుట్లు కట్టుకుంది. "సరిపోయిందా అమ్మాయ్?" అన్నాను. "సరిపోయింది అక్కా" అని లేచి రెండడుగులు వేసి చూపించింది. మూడో కూతకు వెళ్లి బోనస్ గీత దగ్గర వెనక్కి తిరగబోయింది. పాదం తిరిగింది, బూటు తిరగలేదు. మడమ దగ్గర బెణికి ఆరు వారాలు ఇంట్లో ఉంది. ఆ ఆరు వారాల్లోనే స్కూల్ గేమ్స్ సెలక్షన్లు అయిపోయాయి. ఆ టోర్నమెంట్ మొదటి బహుమతి పాతిక వేలు. కబడ్డీ బూట్లు ఏడు జతలు అందులో సగానికే వచ్చేవి.

ఇక్కడి నుంచి నేను చెప్పబోయేది మా చెముడుగుంట ఆటో అతను నేర్పింది.

ఒకరోజు పిల్లల్ని ఎక్కించుకునే ముందు నా దగ్గరికి వచ్చాడు. "మేడం, మా అమ్మ తద్దినం వస్తంది. ప్రతేడూ గుళ్లో అన్నదానానికి అయిదొందలు ఇస్తా. ఈసారి ఈ పిల్లోళ్లకి ఇద్దామని ఉండాది. ఆ రోజు మాత్రం గుడ్లొద్దు, శనగలూ అరిటిపండూ పెట్టండి." ఆ రోజు సాయంత్రం ఆట అయ్యాక తనే గెల మోసుకొచ్చాడు. పిల్లలందరికీ ఒక్కో పండు చేతికిచ్చి, ఆటో దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మాస్టారు పిల్లలతో "ఈ రోజు ఆట ఈ అన్న వాళ్లమ్మ గారి పేరు మీద" అన్నారు. అతను తల వంచుకున్నాడు. తువ్వాలుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దీనికి పద్ధతి మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది కదా అనిపించింది. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. రోజూ వేల మంది తింటారు. ఎవరో ఒక మహారాజు పెడితే నడుస్తున్నది కాదు అది. లక్షల మంది ఇచ్చిన మొత్తాలు డిపాజిట్లుగా ఉంటాయి, వాటి వడ్డీ అన్నమవుతుంది. మన ఊళ్లో చిన్న గుళ్లలో కూడా శాశ్వత అన్నదాన నిధి బోర్డులు చూస్తాం. ఫలానా వారి పేరిట ప్రతి ఏటా ఫలానా తిథి నాడు అని. కట్టడం కోసం కాకుండా రోజు గడవడం కోసం ఇవ్వడం మనవాళ్లకు బాగా తెలుసు. వేసవిలో చలివేంద్రం పెట్టేవాళ్లు కుండ మీద శిలాఫలకం వేయించరు కదా. ఆ తెలిసిన పద్ధతిని మనం గుడి దగ్గరే ఆపేశాం, మైదానం దాకా తీసుకురాలేదు.

లెక్క వేశాను. 19,004ని 26 రోజులతో భాగిస్తే రోజుకు 731 రూపాయలు. మా 22 మంది పిల్లలు ఒక సాయంత్రం ఆడి, తిని, క్షేమంగా ఇల్లు చేరడానికి అయ్యే ఖర్చు అది. 7 శాతం వడ్డీ అనుకుంటే పదివేల ఐదు వందలు డిపాజిట్ చేసినవాళ్ల పేరిట ఏడాదికి ఒక రోజు నడుస్తుంది. ఏడాదికి 312 ఆట రోజులు, అన్నిటికీ కలిపి 32 లక్షల 76 వేలు నిధి. ధరలు పెరుగుతాయి, వడ్డీ రేట్లు తగ్గుతాయి, అయిదేళ్లకోసారి మళ్లీ కొంత కలపాల్సి ఉంటుందని లెక్కలు రాసే మనిషిగా నాకు తెలుసు. అంత నిధి మా వల్ల కాదు కాబట్టి ఇప్పటికి తేలిక దారి పట్టాం. డిపాజిట్ ఏమీ వద్దు, ఏడాదికి ఒక తేదీ తీసుకోండి, ఆ రోజు 731 రూపాయలు ఇవ్వండి. మీవాళ్ల పేరు ఆ రోజు బోర్డు మీద సుద్దముక్కతో రాస్తాం. వచ్చి చూడండి. పుట్టినరోజు, పెళ్లిరోజు, తద్దినం, ఏదైనా సరే.

ఏడాదిలో 97 తేదీలు నిండాయి. ఆశ్చర్యం ఏమిటంటే, వాళ్లలో ఒకప్పుడు ఆడినవాళ్లు సగం కూడా లేరు. టిఫిన్ సెంటర్ నడిపే దంపతులు, స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ కొట్టాయన, ముగ్గురు నర్సులు, ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్. కప్పు మీద పేరు కావాలన్న ఆ పెద్దమనిషికి కూడా మళ్లీ కబురు పెట్టాను. ఈసారి ఆయన వాళ్ల నాన్నగారి తేదీ రాయించుకున్నారు.

పిల్లల దగ్గర కూడా నెలకు వంద తీసుకుంటాం. దీని మీద మాస్టారికీ నాకూ గొడవైంది. ఆయన ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దన్నారు. నేను తీసుకోవాలన్నాను. ఇవ్వలేని వాళ్లను అడగం, ఎవరిచ్చారో ఎవరివ్వలేదో నాకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ వంద ఇచ్చిన తల్లి మా దగ్గరికొచ్చి "మట్టి ఎందుకు తడపలేదు ఈ రోజు?" అని నిలదీస్తుంది. అలా అడిగే మనిషి ఉంటేనే మేం ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తాం. ఇప్పటికీ మాస్టారు నాతో ఏకీభవించరు. నేనూ నా మాట మార్చుకోను.

లెక్క గోడ మీద అంటిస్తాం. ప్రతి నెలా ఒకటో తారీఖున, ఆ నోట్‌బుక్ పేజీ జిరాక్సు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి. ఆటల పేరు చెప్పి చందాలు వసూలు చేసి మాయమైనవాళ్ల చేతుల్లో జనం బాగా దెబ్బతిన్నారు. కాబట్టి నమ్మమని అడగకూడదు, చూపించాలి.

ఇదంతా ఒక్క జట్టు సంగతి. ఊరంతటికీ ఇది దానాల మీద నడవాలని నేను అనడం లేదు. దానం మీద నడిచేది దాత మనసు మారిన రోజు ఆగిపోతుంది. మన పెద్దలు గ్రంథాలయాల విషయంలో ఈ సంగతి గుర్తించారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. చదువుకునే గది ఎవరి దయ మీదా ఉండకూడదనే కదా అలా చట్టం చేశారు. ఆటస్థలం కూడా అలాంటిదే. రాజ్యాంగానికి 74వ సవరణ చేసినప్పుడు చేర్చిన పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీల పనుల జాబితా ఉంది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో స్పష్టంగా ఉన్నాయి. ఆటస్థలం అంటే నేల ఒక్కటే అని చదువుకుంటున్నాం మనం. నేర్పే మనిషి, వెలుతురు, నీళ్లు, తాళం తీసేవాడు లేని నేల ఆటస్థలం ఎలా అవుతుంది?

నెల్లూరు కార్పొరేషన్‌లో 54 డివిజన్లున్నాయి. మా జట్టు ఖర్చే తీసుకుని, మాస్టారికి ఇచ్చే 6 వేల బదులు కోచ్‌కు 20 వేల జీతం వేస్తే నెలకు 33 వేలు, ఏడాదికి 3 లక్షల 96 వేలు. డివిజన్‌కు ఒక జట్టు చొప్పున 2 కోట్ల 14 లక్షలు. ఆడపిల్లలకొకటి, మగపిల్లలకొకటి అనుకుంటే 4 కోట్ల 28 లక్షలు. ఒలింపిక్ స్వర్ణానికి ప్రకటించిన మొత్తంలో మూడింట రెండొంతులు కూడా కాదు. కొత్త స్టేడియం అడగడం లేదు. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఊరికి గర్వకారణమే, కానీ చెముడుగుంట పిల్ల అక్కడికి రోజూ వెళ్లి రాగలదా? ఆమెకు కావాల్సింది నడిచి వెళ్లేంత దూరంలో 115 గజాలు.

ఆ గజాలు కూడా ఉన్నాయి. లేఅవుట్ వేస్తే 10 శాతం ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలని నిబంధన. ఊరు నాలుగు వైపులా లేఅవుట్లే కాబట్టి కాగితాల మీద మనకు ఆటస్థలాల కొరత లేదు. వాటి హద్దులు, సర్వే నంబర్లు డివిజన్ వారీగా సచివాలయం గోడ మీద రాయిస్తే సగం పని అయినట్టే. తమ జాగా ఎక్కడుందో తెలిసిన కాలనీవాళ్లు దాన్ని పోనివ్వరు.

ఆదాయం కావాలంటే టర్ఫ్‌లు చూడండి. అవి నాకు నచ్చవని చాలామంది అనుకుంటారు. కాదు, నాకు సంతోషమే. మెడికల్ రెప్‌లు, కొట్లలో పనిచేసే కుర్రాళ్లు రాత్రి పదకొండింటికి డబ్బులు పోగేసుకుని ఆడుకోవడం మంచి విషయం. ఆటకు జనం జేబులోంచి డబ్బు తీస్తారని అవి రుజువు చేశాయి. కార్పొరేషన్ స్థలంలో ఎవరికైనా టర్ఫ్ వేసుకోవడానికి లీజు ఇవ్వదలిస్తే ఒక్క షరతు రాయాలి: సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా ఆ ప్రాంతం పిల్లలకు ఉచితం, ఆ తర్వాత అర్ధరాత్రి దాకా అద్దెకు. అద్దెలో కొంత భాగం కోచ్ జీతానికే వెళ్లాలి. పెద్దల ఆట పిల్లల ఆటను పోషిస్తుంది.

కంపెనీల సంగతి చెప్పి వదిలేస్తాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో క్రీడలున్నాయి, అక్కడ రాసిన మాట 'శిక్షణ'. కృష్ణపట్నం వైపు పోర్టుంది, కరెంటు ప్లాంట్లున్నాయి. మరి మాకెందుకు రాదు? ఆ డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర కంపెనీల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి, దానికి ముందు ఆదాయపు పన్ను శాఖ దగ్గర సేవా సంస్థగా రిజిస్ట్రేషన్లు కావాలి. పిట్టగోడ మీద నోట్‌బుక్ రాసుకునే మాలాంటి వాళ్లకు అవెక్కడివి? జట్టుకో సొసైటీ పెట్టడం కంటే ఊరంతటికీ ఒకే ట్రస్టు ఉండి, రిజిస్ట్రేషన్లన్నీ దాని పేర చేయించి, చిన్న జట్లకు నెలనెలా పంచితే సరిపోతుంది. ఆ లెక్కలు రాయడానికి నేను సిద్ధం, జీతం అక్కర్లేదు.

మా తోటి ఉద్యోగి ఒకాయనతో ఈ మాటలన్నీ చెబితే, "ఇదంతా ఎక్కడైనా జరిగిందా?" అన్నాడు. ఐస్‌లాండ్ అనే దేశం మొత్తం జనాభా నాలుగు లక్షల లోపు. మా నెల్లూరు కంటే తక్కువ. ఆ దేశం 2016 యూరో ఫుట్‌బాల్లో ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించింది, 2018 ప్రపంచ కప్పుకు వెళ్లింది. 2016లో జట్టు ఇద్దరు కోచ్‌లలో ఒకాయన పళ్ల డాక్టరు. వాళ్లు చేసిందేమిటంటే, చలిలోనూ ఆడుకునేలా పైకప్పున్న మైదానాలు కట్టి, అయిదారేళ్ల పిల్లలకు నేర్పేవాళ్లను కూడా శిక్షణ పొందినవాళ్లనే పెట్టి, వాళ్లకు డబ్బిచ్చారు. రాజధాని రేక్యావిక్‌లో 2007 నుంచి 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఆటల క్లబ్బుల ఫీజులో సాయంగా నగరపాలక సంస్థే కార్డు ఇస్తోంది. వాళ్లు ధనిక దేశం, మన కష్టాలు వేరు, ఒప్పుకుంటాను. డబ్బు ఎక్కడ మొదలుపెట్టారో మాత్రం చూడండి. చిన్న పిల్లల దగ్గర, రోజువారీ ఆట దగ్గర.

కాలవలు పూడిపోతుంటే ఆటలా అని అడిగేవాళ్లకు నా దగ్గర గట్టి జవాబు లేదు. కాలవలూ కావాలి. చదువు పాడవుతుందనేవాళ్లతో మాత్రం వాదిస్తాను. కార్పొరేట్ కాలేజీలకు పేరుపడ్డ ఊరు మాది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, కిటికీ తెరిస్తే గోడ కనిపించే గదుల్లో ఇంటర్ చదివించడానికి లక్షలు కడుతున్నాం. ఆ పిల్లలు ఎంత ఒత్తిడిలో ఉన్నారో ప్రతి ఇంట్లోనూ తెలుసు. మా జట్టులో పోయినేడు టెన్త్ రాసిన నలుగురూ పాసయ్యారు. ఒక పిల్ల పరీక్షల ముందు రోజు కూడా వచ్చి పది నిమిషాలు పరిగెత్తి వెళ్లింది. "తల తేలికవుతుంది అక్కా" అంది.

మడమ బెణికిన పిల్ల మళ్లీ ఆడుతోంది. ఈ ఏడు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగి రొట్టె పట్టుకుంది. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని అడుగుతారు కదా అందరూ. ఈమె ఏం రొట్టె పట్టావని అడిగితే సిగ్గుపడి "సెలక్షన్ రొట్టె" అంది. అలాంటి రొట్టె ఎవరిచ్చారే అంటే, ఒక పెద్దామె, తన మనవరాలు వాలీబాల్‌లో సెలెక్ట్ అయ్యిందని మొక్కు తీర్చుకోవడానికి వచ్చిందట.

ఆటో అతను మొన్న మళ్లీ వచ్చి వాళ్లమ్మ తిథి ఈసారి ఏ తారీఖు పడుతుందో చెప్పి రాయించుకున్నాడు. పేజీ తిప్పి చూస్తే ఆ తారీఖు అప్పటికే నర్సమ్మ ఒకామె కొడుకు పుట్టినరోజుకు తీసుకుంది. ఇద్దరి పేర్లూ రాశాను. ఆ రోజు గుడ్లు ఉండవని, కేకు కూడా గుడ్డు లేనిది తీసుకురమ్మని ఆమెకు ఫోన్ చేసి చెప్పాలి.